తుంగభద్ర ఎడమ కాలవ: మొదటి తూము, చివరి తూము

రాయచూరు, కొప్పళ జిల్లాల కన్నడ పేపర్లు చదివేవాళ్లకి "కొనె భాగద రైతరు" అనే మాట కొత్త కాదు. కొనె అంటే చివర. కాలవ చివరి భూముల రైతులు అని అర్థం. నీళ్లు అందలేదని రోడ్డు మీద బైఠాయింపు, ఇంజనీర్ల ఆఫీసు ముందు ధర్నా, ఆ వార్తల హెడ్డింగుల్లో ఈ మాట ఉంటుంది. కన్నడ బడిలో చదివిన నాకు అది చిన్నప్పుడే తెలుసు. మనింట్లో మాత్రం, తెలుగులో, దానికి సరిపోయే మాట ఎవరూ వాడగా వినలేదు. వాడే పని పడలేదు. మన క్యాంపు చివర్లో లేదు మరి.

ఈ బ్లాగులో ఇప్పటిదాకా మనం ఇక్కడికి ఎలా వచ్చామో రాసుకున్నాం. ఎవరు ముందొచ్చారు, ఎవరి బండిలో ఏమొచ్చింది, ఏ పెళ్లి ఎక్కడ అయింది అని. నీళ్లు ఎలా వచ్చాయో మాత్రం రాసుకోలేదు. సింధనూరు, గంగావతి క్యాంపుల్లో ఉన్న మిగతా కుటుంబాలకీ ఈ కథ వర్తిస్తుంది కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

తుంగభద్ర మీద పెద్ద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన 1860 నాటిది. గోదావరి మీద ధవళేశ్వరం కట్టిన ఆర్థర్ కాటన్‌ది. ఆ తర్వాత 1876-78 కరువులో బళ్లారి సీమ అల్లాడిపోయింది. అయినా కట్టలేదు. నది ఒకటే, దాని మీద హక్కు మాత్రం మద్రాసు, హైదరాబాదు, మైసూరు, మూడు ప్రభుత్వాలది. ఒకరు ఊ అంటే ఒకరు ఊహూ. చివరికి 1944లో మద్రాసు, హైదరాబాదు ఒక మాట మీదికొచ్చాయి, చెరి సగం అని. 1945 ఫిబ్రవరి 28న ఒక గట్టున నిజాం కొడుకు బేరార్ యువరాజు, ఇంకో గట్టున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ శంకుస్థాపన చేశారు. ఒకే డ్యాంకి రెండు గట్ల మీదా పునాదిరాళ్లు! కుడి గట్టు మద్రాసుది, ఎడమ గట్టు హైదరాబాదుది. 1953లో కాలవల్లోకి నీళ్లొచ్చాయి.

నీళ్లొచ్చిన ఏడే సరిహద్దులు కదిలాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజు బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకి పోయి, మిగతాది మైసూరులో కలిసింది. 1956లో హైదరాబాదు రాష్ట్రమే లేకుండా పోయింది. రాయచూరు మైసూరుకి, మహబూబ్‌నగర్ ఆంధ్రప్రదేశ్‌కి. నీళ్ల ఒప్పందాలు రాసుకున్న ప్రభుత్వాల్లో సగం మాయం. అంతకు ముందు, 1951 జూలైలో, ప్లానింగ్ కమిషన్ అందర్నీ ఢిల్లీలో కూర్చోబెట్టి కృష్ణా నీళ్లు పంచింది. మైసూరు దానికి ఆమోదం తెలపనే లేదు. కాబట్టి 1960లు వచ్చేసరికి పంపకం మొత్తం తగాదాలో పడింది. 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. 1973లో మొదటి రిపోర్టు, 1976లో తుది తీర్పు.

బచావత్ గారి ముందున్న చిక్కు నిజంగా పెద్దది. కృష్ణా కింది భాగంలో, అంటే డెల్టాలో, 1855 నుంచి బెజవాడ ఆనకట్ట ఉంది. ఆ జిల్లాలు వందేళ్ల ముందే వరి పండించి, ఆ డబ్బుతో రైసు మిల్లులు, కాలేజీలు, సినిమా హాళ్లు కట్టుకున్నాయి. పైన ఉత్తర కర్ణాటక, మరాఠ్వాడా, పక్కనే మహబూబ్‌నగర్ జొన్నల మీద, వానల మీద బతుకుతున్నాయి. వేగంగా ఎదిగిన ప్రాంతం ఎక్కువ నీళ్లు వాడుతోంది. వాడుతోంది కాబట్టి ఇంకా ఎదుగుతోంది. వెనకబడిన ప్రాంతం వాడట్లేదు. వాడనందువల్ల "మీకెందుకు?" అనిపించుకుంటోంది. ఇప్పుడెలా పంచాలి?

ఆయన ఎంచుకున్న దారి ఇది. వంద ఏళ్లలో 75 ఏళ్లు నమ్మకంగా వచ్చే నీళ్లు 2,060 టీఎంసీలు అని లెక్క కట్టారు. ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. 1960 సెప్టెంబరు నాటికి వాడకంలోనో, ఒప్పుకున్న ప్రాజెక్టుల్లోనో ఉన్న నీళ్లని ముట్టుకోకూడదు అన్నారు. అది తీసి పక్కన పెట్టగా మిగిలింది పంచారు. పక్కన పెట్టిన పాత వాడకం 1,693.36 టీఎంసీలు. అందులో ఆంధ్రప్రదేశ్‌ది 749.16, కర్ణాటకది 504.55, మహారాష్ట్రది 439.65. ఒక్క కృష్ణా డెల్టాకే 181.20, నాగార్జునసాగర్‌కి 281. పంచడానికి మిగిలింది 366.64 మాత్రమే. దాంట్లో కర్ణాటకకి 195.45, మహారాష్ట్రకి 120.35, ఆంధ్రప్రదేశ్‌కి 50.84. కూడితే మనం పేపర్లలో చూసే 700, 560, 800 వస్తాయి.

నేను టెస్టింగ్ పని చేసేవాణ్ణి. లెక్క ఇస్తే కూడి చూడకుండా వదల్లేను. కూడాను, సరిపోయింది. అయితే కూడికలో కనపడని సంగతి ఒకటుంది. మొత్తం అంకెలు చూస్తే ఆంధ్రకే ఎక్కువ ఇచ్చినట్టు కనిపిస్తుంది, కన్నడ పేపర్లు అలాగే రాశాయి. మిగులు అంకెలు చూస్తే వెనకబడ్డవాళ్లకే ఎక్కువ ఇచ్చినట్టు కనిపిస్తుంది, తెలుగు పేపర్లు అలాగే రాశాయి. రెండూ నిజమే. పాత రైతు నోటి కాడ ముద్ద లాక్కోకుండా, కొత్త రైతుకి మిగిలిందాంట్లో పెద్ద వాటా ఇచ్చారు. నన్నడిగితే అది సగం న్యాయం. ముందు పరుగెత్తినవాడి పరుగుని తీర్పు ముద్ర వేసి శాశ్వతం చేసింది. కానీ మిగతా సగం న్యాయం ఎలా చేయాలో చెప్పిన వాళ్లెవరూ నాకు కనపడలేదు.

ఆంధ్రప్రదేశ్‌కి కొత్తగా వచ్చిన ఆ 50.84లో 33 శ్రీశైలంలో ఆవిరయ్యే నీళ్లకి పోయింది. సాగుకి వచ్చింది 17.84 మాత్రమే. అది కూడా డెల్టాకో గుంటూరుకో కాదు, మహబూబ్‌నగర్‌లోని జూరాలకి. హైదరాబాదు రాష్ట్రం చీలిపోకుండా ఉండి ఉంటే ఈ జిల్లాకి నీళ్లు దొరికే అవకాశం మెరుగ్గా ఉండేది, విడగొట్టడం వల్ల నష్టపోకూడదు అన్నది ట్రిబ్యునల్ ఉద్దేశం. రాష్ట్రానికి రాష్ట్రం లెక్కతో ఆగకుండా, ఒక రాష్ట్రం లోపల వెనకబడిన జిల్లాని వేలు పెట్టి చూపించిన చోటు అది. ఆ తీర్పులో నాకు బాగా నచ్చింది కూడా అదే.

ఇక మన డ్యాం దగ్గరికొస్తే, తుంగభద్ర జలాశయం లెక్క మొత్తం 230 టీఎంసీలు. ఆవిరికి 18 తీసేస్తే 212. అందులో కర్ణాటకకి 138.99. మిగతా 73.01 కర్నూలు, అనంతపురం, కడప వైపుకీ, పాలమూరులోని రాజోలిబండ కాలవకీ. మన ఎడమ కాలవకి 92.

ఈ లెక్క కాగితం మీదిది. 1953లో సుమారు 133 టీఎంసీలు పట్టిన డ్యాంలో 2016 సర్వే నాటికి 105.788 టీఎంసీలే పడుతున్నాయి. మిగతా చోటంతా పూడిక. వర్షాలు తగ్గిన ఏడు అసలు అడగక్కర్లేదు. మరి తక్కువైన నీళ్లు ఎవరి ఖాతాలో పడాలి? దీనికి తుంగభద్ర బోర్డు దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏటా ఎన్ని నీళ్లొస్తాయో అంచనా వేసి, ఎవరి వాటా ఎంతో ఆ దామాషాలోనే అందరికీ కోత పెడుతుంది. వందకి డెబ్బై వచ్చాయనుకోండి, కర్ణాటకకీ డెబ్బై వంతులే, ఆంధ్రకీ డెబ్బై వంతులే, తెలంగాణకీ అంతే. పేచీలు ఉంటాయి, ఉత్తరాలు వెళ్తాయి, మంత్రులు అరుస్తారు. కానీ సూత్రం మీద తగాదా లేదు. నీళ్లు పంచినట్టే కొరతనీ పంచాలి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు బళ్లారిలోనూ, ఆదోనిలోనూ, అలంపూరులోనూ ఒకేలా గుండెలు జారిపోయాయంటే కారణం ఇదే. పోయే నీళ్లు అందరివీ.

ఇంతవరకూ బావుంది. కానీ ఈ దామాషా మునిరాబాద్ దగ్గర, ఎడమ కాలవ మొదటి గేటు దగ్గర, ఆగిపోతుంది.

కాలవ పొడవు సుమారు 227 కిలోమీటర్లు. ఆయకట్టు దాదాపు 6 లక్షల ఎకరాలు. కట్టినప్పటి ఉద్దేశం వరి కాదు. కరువు సీమ కాబట్టి నీళ్లని పల్చగా పరిచి ఎక్కువ మందికి ఆసరా ఇవ్వాలని. జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలు ఎక్కువ, వరికి కొంచెం. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ముందే రాసి పెట్టారు, దాన్ని లోకలైజేషన్ అంటారు. ఒక ఎకరం వరికి పట్టే నీళ్లతో రెండు మూడెకరాల ఆరుతడి పంట పండుతుంది. ఆ లెక్క మీదే 92 టీఎంసీలు 6 లక్షల ఎకరాలకి సరిపోతాయి అనుకున్నారు.

కాలవ ఒక్కరోజులో తయారవలేదు. పై మైళ్లలో నీళ్లు పారుతుంటే కింది మైళ్లలో ఇంకా తవ్వుతూనే ఉన్నారు, చివరిదాకా చేరడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో పైనున్నవాళ్లకి అడిగినన్ని నీళ్లు. అడిగేవాళ్లు కూడా కొద్దిమందే. నల్లరేగడిలో నీళ్లు పెడితే భూమి పాడైపోతుందని ఇక్కడి రైతులకి భయం. చదును చేయడానికి చేతిలో డబ్బు లేదు. సరిగ్గా ఆ సమయంలోనే మనోళ్లు దిగారు. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి, వరి తప్ప ఇంకో పంట ఎరగని వాళ్లు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ బోలెడు భూమి వచ్చేదని మా నాయనమ్మ చెప్పేది. ఎన్నెకరాలో ఒక్కోసారి ఒక్కో అంకె చెప్పేది గనక ఇక్కడ రాయట్లేదు. మొదట గుడిసెలేసుకుని దిగారు కాబట్టి క్యాంపు అన్నారట. బిల్డింగులు లేచినా ఆ పేరే మిగిలింది. గంగావతి దగ్గర శ్రీరామనగర్, సింధనూరు దగ్గర గాంధీనగర్ అలా పెరిగినవే. తర్వాత గంగావతికి "భత్తద కణజ" అని పేరొచ్చింది, అంటే వడ్ల గాదె. ఆ గాదె నింపింది మనోళ్లే అని ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు అంటారు. అబద్ధం కాదు.

కానీ ఆ వడ్లు ఏ నీళ్లతో పండాయి? జొన్నకి రాసిన నీళ్లతో, పత్తికి రాసిన నీళ్లతో. ఇంకా తెరవని చివరి తూముల నీళ్లతో. కాలవ చివరిదాకా తయారయ్యేసరికి పైన వరి పాతుకుపోయింది. మానవి, సిరవార, రాయచూరు వైపు భూములకి కాగితం మీద ఆయకట్టు అన్న పేరు దక్కింది. కాలవ మీద 69వ మైలు దగ్గర, 104వ మైలు దగ్గర గేజులున్నాయి. అక్కడ నీటిమట్టం నిలబెట్టండి అన్నదే ఆ రైతుల డిమాండు. నిలబెట్టడానికి కాలవ పొడుగునా నిషేధాజ్ఞలు పెడతారు, అక్రమంగా వేసిన పంపుసెట్లు పీకిస్తారు. నాలుగు రోజులకి మళ్లీ వస్తాయి. రాయచూరు ఊరికి తాగునీళ్లు ఇచ్చే గణేకల్ చెరువు కూడా ఈ కాలవ మీదే ఆధారపడింది. అంటే చివరికి చేరకపోతే ఎండేది పైర్లొక్కటే కాదు.

పీటర్ మోలింగా అనే డచ్ పరిశోధకుడు ఈ కాలవ మీద ఏళ్లు పనిచేసి పెద్ద పుస్తకమే రాశాడు, 2003లో అచ్చయింది. మన క్యాంపుల సంగతి, పై రైతులకీ కింది రైతులకీ, గ్యాంగ్‌మన్‌కీ ఇంజనీరుకీ మధ్య జరిగే బేరాలు అన్నీ అందులో ఉన్నాయి. మన గురించి ఒక విదేశీయుడు ఇంత రాశాడు, మన ఇళ్లలో ఆ పుస్తకం ఉన్నవాళ్లు ఎందరో చూడాలి.

ఇక్కడ మన పెద్దవాళ్ల మాట కూడా వినాలి, వాళ్లని బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. మా మావయ్య ఎప్పుడూ అనే మాట: "ముళ్లకంపలు కొట్టింది మేము. దిబ్బలు చదును చేసింది మేము. ఎవడూ వద్దన్న భూమి కొన్నాం, దొంగిలించలేదు. వరి వేయొద్దని వచ్చి ఆపినవాడు ఒక్కడు లేడు." ఇందులో ప్రతి ముక్కా నిజం. లోకలైజేషన్ రాసిన ప్రభుత్వమే వరి పండుతుంటే సంతోషించింది, దేశానికి బియ్యం కావాలి మరి. పైగా ఇప్పుడు పై భూముల్లో వరి వేసేది తెలుగువాళ్లే కాదు. లింగాయత రైతు, కురుబ రైతు, అందరూ నేర్చుకున్నారు, అందరూ వేస్తున్నారు. ఇది తెలుగు, కన్నడ గొడవ అనుకునేవాళ్లు ఎప్పుడైనా కాలవ వెంబడి బైకు మీద చివరిదాకా వెళ్లి చూడాలి. ఇది తలకీ తోకకీ మధ్య గొడవ.

మావయ్య వాదనకి నా జవాబు ఒక్కటే. కష్టపడి భూమి బాగు చేసినందుకు భూమి మనది అయింది, పంట మనది అయింది. చివరి వాడి వంతు నీళ్లు కూడా మనవి ఎలా అవుతాయి? రాష్ట్రాల మధ్య పాత వాడకాన్ని కాపాడాలంటే ట్రిబ్యునల్ వేశారు, వాదనలు విన్నారు, తేదీ పెట్టారు, మిగిలింది వెనకబడ్డవాళ్లకి ఇచ్చారు. కాలవ లోపల పాత వాడకం హక్కుగా మారింది గానీ, దానికి తేదీ లేదు, హద్దు లేదు, ఎదుటివాడి వాదన విన్న జడ్జీ లేడు. బోర్డు దగ్గర కొరత అందరికీ దామాషాలో పడుతుంది. కాలవలో కొరత మొత్తం చివరి వాడి నెత్తిన పడుతుంది. 92లో 70 వస్తే పైవాడికి తగ్గేది ఏమీ ఉండదు, కిందివాడికి మిగిలేది ఏమీ ఉండదు. మా ఆఫీసులో ఒక సాఫ్ట్‌వేర్ మామూలు రోజున నడుస్తుందా అని ఎవరూ గొప్పగా అడగరు. లోడు పెరిగిన రోజున ముందు ఎవరి స్క్రీన్ ఆగిపోతుంది అని అడుగుతారు. ప్రతిసారీ అదే మనిషి స్క్రీన్ ఆగిపోతోందంటే దాన్ని కరువు అనం, డిజైను లోపం అంటాం.

తోకన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. మానవి తాలూకాలో రాజోలిబండ ఆనకట్ట దగ్గర మొదలయ్యే కాలవ కొంతదూరం కర్ణాటకలో నడిచి పాలమూరులోకి పోతుంది. 17.1 టీఎంసీల్లో 15.9 తెలంగాణ వైపు వాటా. ఆ వాటా పూర్తిగా అందక గద్వాల, అలంపూరు ప్రాంతాల రైతులు దశాబ్దాలు పోరాడారు. చివరికి ఆ చివరి ఆయకట్టు కోసం తుమ్మిళ్ల దగ్గర నదిలోంచి నీళ్లు ఎత్తిపోసే పథకం కట్టుకోవాల్సి వచ్చింది. వాలున పారి రావాల్సిన నీళ్లకి కరెంటు ఖర్చు పెట్టి మళ్లీ పైకి తోడుకోవడం అన్నమాట. మన క్యాంపుల్లో "తెలుగువాళ్ల నీళ్లు" అని ఆవేశపడేవాళ్లు అలంపూరు రైతుని ఏ లెక్కలో వేస్తారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు పైనుంచి కొత్త లెక్క ఒకటి వస్తోంది. అప్పర్ భద్ర ప్రాజెక్టు, 29.9 టీఎంసీలు, చిత్రదుర్గం, తుమకూరు లాంటి మెట్ట జిల్లాలకి. తుంగభద్రకి రాకముందే పైన తీసుకునే నీళ్లు. రాయలసీమలో దీనికి వ్యతిరేకత ఉంది. మన క్యాంపుల వాట్సాప్ గ్రూపుల్లోనూ మెసేజులు తిరుగుతున్నాయి. చిత్రదుర్గం వాళ్లు అడిగేది మాత్రం 1944లో బళ్లారి, రాయచూరు అడిగిందే: మేం ఎండి ఉన్నాం, మాకింత ఇవ్వండి అని. మన తాతల తరంలో ఈ సీమ ఆలస్యంగా లేచిన ప్రాంతం. ఇప్పుడు మనం పాత వాడకందార్లం, ఆలస్యంగా లేచేది వాళ్లు. ఇంకో సంగతి, మన చుట్టాలు సగం మంది కృష్ణా డెల్టాలో ఆ 181.20 మీద, సగం మంది ఇక్కడ ఈ 92 మీద ఉన్నారు. ఒకే కుటుంబం రెండు పాత హక్కుల మీద కూర్చుని, మూడో చోట కొత్తవాడు వస్తుంటే వద్దంటోంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే నాలాంటి వాళ్లది ఇంకో తమాషా. కావేరి ట్రిబ్యునల్ బెంగళూరులో మూడో వంతే కావేరి బేసిన్‌లో ఉందని తాగునీళ్లు తక్కువ లెక్కేసింది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోకుండా ఊరి కోసం 4.75 టీఎంసీలు కలిపి ఇచ్చింది. తాగునీళ్లు కాబట్టి నేనూ కాదనను. కానీ ఈ ఊళ్లో మా అపార్ట్‌మెంట్ల పునాదులు తవ్వేవాళ్లలో రాయచూరు జిల్లావాళ్లు చాలామంది. ఒకసారి ఒకాయన్ని ఏ ఊరని అడిగాను. సిరవార దగ్గర అన్నాడు. భూమి ఉందా అంటే ఉంది అన్నాడు. కాలవ ఉందా అంటే "కాలువె ఇదె సార్, నీరిల్ల" అన్నాడు. కాలవ ఉంది, నీళ్లు లేవు.

చివరిగా ఒక పని. లోకలైజేషన్ వివరాలు సర్వే నంబరు వారీగా ఉంటాయి. మీ ఇళ్లలో 1950లు, 60ల్లో భూమి కొన్న పాత కాగితాలు, నీటి తీరువా రసీదులు ఉంటే తీసి చూడండి. మన భూమి ఏ పంటకి రాసి ఉంది, వరికా, ఆరుతడికా? కన్నడంలోనో ఉర్దూలోనో ఉంటే భయపడకండి. కన్నడం నేను చదువుతాను, ఉర్దూకి మానవిలో తెలిసినవాళ్లున్నారు. ఫోటో తీసి పంపితే, ఏ మైలు కింద ఎవరి భూమి ఏ పంటకి రాసి ఉందో ఒక పట్టిక తయారు చేసి ఇక్కడ పెడతాను. మావయ్యావాళ్ల కాగితాలు ఇప్పటికే అడిగాను. బీరువా తాళం కనపడట్లేదన్నారు.